డబ్బా గాల్లో తేలుతోందంటే తప్పు నీడది కాదు

ప్రశ్న: "అక్కా, మాది విడవలూరు దగ్గర. రొయ్యల చెరువుల లెక్కలు రాసుకోవడానికి ఎక్సెల్ షీట్లు, వాటిని ఎలా నింపాలో చెప్పే 48 పేజీల పీడీఎఫ్, ఆరు చిన్న వీడియోలు తయారు చేశాను. మూడూ కలిపి ఆన్‌లైన్‌లో అమ్ముదామని. అమ్మే పేజీలో పెట్టడానికి నిలబెట్టిన డబ్బాలాంటి బొమ్మ కావాలి. ఫోటోషాప్‌లో నాలుగుసార్లు చేశాను. అట్టముక్క కత్తిరించి అతికించినట్టే ఉంది. నీడ ఎంత పెంచినా డబ్బా గాల్లో తేలుతోంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడితే నిజం డబ్బాలా వస్తుంది?"

తమ్ముడూ, నువ్వు పెట్టిన బొమ్మ పెద్దది చేసుకుని రెండుసార్లు చూశాను. సాఫ్ట్‌వేర్ మారిస్తే ఇదే తప్పు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో చేస్తావు, అంతే. నేను నెల్లూరులో ఇరవై ఏళ్ళ పైనే డీటీపీ పని చేస్తున్నాను. పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు ఎన్ని చేశానో లెక్కలేదు గానీ, స్వీట్ షాపుల డబ్బాలు, పచారీ కొట్ల ప్యాకెట్లు కూడా చాలా చేశాను. అసలు డబ్బా ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుని చూసిన అనుభవంతో చెబుతున్నాను. నీ బొమ్మలో నీడ సంగతి చివర్లో వచ్చేది. అంతకుముందే గీతలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి.

నీ డబ్బా పైమూత కనిపిస్తోంది. పైమూత కనిపించిందంటే చూసేవాడి కన్ను డబ్బా కన్నా ఎత్తులో ఉన్నట్టే గదా. ఇప్పుడు ముందు భాగం పై అంచు చూడు, వెనక్కి పోయేకొద్దీ కిందికి దిగుతోంది. అలా దిగాలంటే కన్ను ఆ అంచు కన్నా కిందుండాలి. అంటే ఒకే డబ్బాని ఒకడు మేడ మీద నుంచి, ఇంకొకడు అరుగు మీద కూర్చుని చూస్తున్నట్టుంది. చూసేవాళ్ళకి ఇదంతా తెలియదు. "ఏందో తేడాగా ఉంది" అనుకుని పక్కకి పోతారు.

ఇది పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు. సాయంత్రం మీ చెరువు గట్టు మీద నిలబడి కరెంటు స్తంభాల వరస చూడు. నీ కంటికన్నా పైనున్న తీగలు దూరం పోయేకొద్దీ కిందికి దిగుతాయి. కంటికన్నా కిందున్న గట్టు అంచు దూరం పోయేకొద్దీ పైకి ఎక్కుతుంది. రెండూ నీ కంటి ఎత్తు దగ్గరకే పోయి కలుస్తాయి. డబ్బాకీ ఇదే లెక్క. కన్ను డబ్బాకి పైన ఉంటే పై అంచు, కింది అంచు రెండూ వెనక్కి పోయేకొద్దీ పైకే ఎక్కాలి, కింది అంచు ఇంకొంచెం నిటారుగా ఎక్కాలి. కన్ను డబ్బా ఎత్తులోనే మధ్యలో ఎక్కడో ఉంటే పై అంచు దిగుతుంది, కింది అంచు ఎక్కుతుంది, పైమూత కనిపించదు. నా సలహా ఏందంటే, మొదటిసారికి పైమూత జోలికి పోవద్దు. కన్ను డబ్బా ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర ఉందనుకుని గీయి. పని సగానికి సగం తగ్గుతుంది.

రెండో తప్పు స్పైన్, అంటే డబ్బా పక్కన కనిపించే సన్నటి ముఖం. నీ బొమ్మలో స్పైన్ వెడల్పు ముందు భాగంలో దాదాపు మూడో వంతుంది. 48 పేజీల పీడీఎఫ్‌కి ఇటుకరాయంత డబ్బా! ఆ సంగతి తర్వాత మాట్లాడతాను. ముందు కొలతలు. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు, ఎందుకంటే తొంభై శాతం మంది కంటి అంచనాతో మూలలు లాగేది ఇక్కడే.

డబ్బా ముందు భాగం ఏ5 సైజు అనుకో, అంటే 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 ఎత్తు. మందం 20. మిల్లీమీటరుకి 10 పిక్సెళ్ళ చొప్పున ముందు భాగం డిజైన్ 1480 బై 2100, స్పైన్ 200 బై 2100 పిక్సెళ్ళలో వేసుకో. ఇప్పుడు డబ్బాని కొంచెం పక్కకి, 30 డిగ్రీలు తిప్పాం, మనకి దగ్గరగా ఉన్నది నిలువు మూల. కెమెరా ఆ మూలకి ఒక మీటరు పైచిలుకు దూరంలో, సరిగ్గా చెప్పాలంటే 1050 మిల్లీమీటర్లలో ఉందనుకుందాం. లెక్క కడితే ముందు భాగం వెడల్పు 1200 పిక్సెళ్ళకి తగ్గుతుంది, స్పైన్ 100 పిక్సెళ్ళకి కాస్త అటూఇటూగా వస్తుంది. చూశావా, పన్నెండో వంతు! మూడో వంతు కాదు.

ఎత్తుల సంగతి ఇంకా ముఖ్యం. దగ్గరి మూల 2100 పిక్సెళ్ళు ఉంటే, ముందు భాగం అవతలి అంచు సుమారు 1960 ఉంటుంది. పై మూలని 46 పిక్సెళ్ళు కిందికి, కింది మూలని 92 పిక్సెళ్ళు పైకి జరపాలి. స్పైన్ అవతలి అంచు మాత్రం 2067 దగ్గర ఆగుతుంది. పైన 11 తగ్గితే కింద 22. ఎందుకీ తేడా? ముందు భాగం అవతలి అంచు మనకి 74 మిల్లీమీటర్లు వెనక ఉంది, స్పైన్ అవతలి అంచు 17 మిల్లీమీటర్లే వెనక ఉంది. కొంచెమే వెనక్కి పోయింది కాబట్టి కొంచెమే పొట్టిదవుతుంది. నువ్వు రెండు వైపులా ఒకే లెక్కన పొట్టి చేశావు, అందుకే నీ స్పైన్ లోపలికి విరిగిపోయినట్టుంది. కింద ఉన్న 92, 22 పైన ఉన్నవాటికి రెండింతలు ఎందుకంటే కన్ను మూడింట రెండు వంతుల ఎత్తులో ఉందనుకున్నాం కాబట్టి. ఈ అంకెలు పెట్టి ఫ్రీ ట్రాన్స్‌ఫామ్‌లో డిస్టార్ట్ తీసుకుని ఒక్కో మూలా జరుపు. ఇంకేమీ మార్చకుండా ఇదొక్కటే చేసినా నీ డబ్బా సగం నేలకి దిగుతుంది.

అయితే నేనీ అంకెల పద్ధతి ఇప్పుడు పెద్దగా వాడను. నిజం చెప్పాలంటే బద్ధకం. నేను చేసేది ఫోటో పద్ధతి. నీకూ అదే మంచిదనుకుంటున్నాను, ఎందుకంటే వెలుగునీడల విషయంలో మన ఊహ కన్నా కిటికీ చాలా తెలివైనది.

స్టేషనరీ కొట్లో తెల్ల చార్టు ఒకటి కొను. ఏ5 సైజుకి దగ్గరగా ఉన్న పాత నోటు పుస్తకాలు రెండో మూడో కట్టగా పెట్టి, మందం 20 మిల్లీమీటర్లకి తెచ్చుకో. స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో మడత గీతలు గట్టిగా గీసి, చార్టుని కట్ట చుట్టూ డబ్బాలా మడిచి వెనకవైపు గమ్ము పెట్టు. రీఫిల్ గీత లేకుండా మడిస్తే మూల గుండ్రంగా ఉబ్బుతుంది, ఫోటోలో దుప్పటి కప్పిన దిండులా కనిపిస్తుంది. ఇప్పుడు నీ దగ్గర ఏమీ అచ్చు వేయని తెల్ల డబ్బా ఉంది.

దీన్ని ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల మీద నిలబెట్టు. ట్యూబులైటు ఆపెయ్యి. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబులైటు ఇంకో రంగు, రెండూ కలిస్తే తెల్ల డబ్బా ఒకవైపు నీలంగా, ఇంకోవైపు పచ్చగా వస్తుంది. కిటికీ ముందు భాగం వైపు ఉండేలా, స్పైన్ చీకటి వైపు పడేలా తిప్పు. చీకటి మరీ ఎక్కువైతే అటువైపు థర్మోకోల్ షీటు ఒకటి నిలబెట్టు. స్పైన్ మీదకి కాస్త వెలుగు తిరిగొస్తుంది. థర్మోకోల్‌ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఫోన్ తెర మీద చూస్తుంటే, స్పైన్ ఎంత నల్లగా ఉంటే డబ్బాకి బరువొస్తుందో నీకే తెలుస్తుంది. నాకు ముందు భాగం కన్నా స్పైన్ ముప్ఫై శాతం దాకా మసకగా ఉంటే నచ్చుతుంది.

ఫోన్‌ని డబ్బాకి దగ్గరగా పెట్టి తీయొద్దు. ఫోన్ మామూలు లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది కాబట్టి డబ్బా తెర నిండా రావాలంటే మనం తెలియకుండానే అడుగు దూరంలోకి వెళ్ళిపోతాం. అక్కడి నుంచి తీస్తే అవతలి అంచు దగ్గరి అంచు కన్నా అయిదో వంతు పొట్టిదవుతుంది, డబ్బా మీదకి దూకుతున్నట్టు ఉంటుంది. మీటరు వెనక్కి జరిగి 2 ఎక్స్ లేదా 3 ఎక్స్ జూమ్‌లో తియ్. ఫోన్‌ని కిందికి వంచకుండా నిటారుగా పట్టుకుంటే డబ్బా నిలువు గీతలు నిలువుగానే వస్తాయి. స్టాండు లేకపోతే రెండు బియ్యం డబ్బాల మీద ఆనించు, ఎవరు చూడొచ్చారు.

ఈ ఫోటోని ఫోటోషాప్‌లోనో, బ్రౌజర్‌లోనే ఉచితంగా నడిచే ఫోటోపీలోనో తెరువు. ముందు భాగం డిజైన్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా (తర్వాత తెరిచి మార్చుకోగలిగే లేయరుగా) తెచ్చి, డిస్టార్ట్‌తో నాలుగు మూలలూ ఫోటోలోని డబ్బా మూలల మీద కూర్చోబెట్టు. స్పైన్‌కీ అంతే. ఇక్కడ అంకెలు అక్కర్లేదు, ఫోటోయే కొలత. ఆ తర్వాత ఆ లేయర్ల బ్లెండ్ మోడ్ మల్టిప్లై చెయ్యి.

అసలు కిటుకంతా ఈ మల్టిప్లైలోనే ఉంది. తెల్ల డబ్బా మీద కిటికీ దగ్గర ఎంత వెలుగుందో, మూల దగ్గర ఎంత మసకుందో, బల్ల నుంచి ఎంత రంగు పైకి పాకిందో అదంతా నీ డిజైన్‌లోంచి బయటికి కనిపిస్తుంది. నువ్వు గ్రేడియంట్లు గీయక్కర్లేదు. నేల మీద పడిన నీడ కూడా అసలుదే. మర్నాడు డిజైన్‌లో అక్షరం మార్చాలంటే స్మార్ట్ ఆబ్జెక్ట్ తెరిచి మార్చి సేవ్ చేస్తే చాలు, డబ్బా మీద అదే మారుతుంది. ఒక్క ఫోటోతో ఏడాదంతా ఎన్ని ఉత్పత్తులకైనా బొమ్మలు చేసుకోవచ్చు.

మల్టిప్లై పెట్టాక డిజైన్ మొత్తం కాస్త నల్లబడుతుంది. కంగారు పడొద్దు, కింద ఉన్న ఫోటోకి వెలుగు సర్దే లెవెల్స్ పెట్టి డబ్బా తెలుపుని దాదాపు పూర్తి తెలుపు దాకా లాగు. ఇంకొక తేడా కూడా వస్తుంది. డిజైన్‌లో అక్షరాలు బ్లేడుతో కోసినట్టు ఉంటాయి, ఫోటో మాత్రం ఫోటోలా మెత్తగా ఉంటుంది. డిజైన్ లేయరుకి అర పిక్సెల్ నుంచి ముప్పావు పిక్సెల్ దాకా బ్లర్, కంటికి ఆనీ ఆనకుండా నాయిస్ కలిపితే రెండూ ఒకే కెమెరాలో తీసినట్టు కలిసిపోతాయి. అలాగే డిజైన్‌లో పూర్తి నలుపు వాడకు. అట్ట మీద అచ్చయిన నలుపు ఎప్పుడూ కాస్త బూడిద రంగు తిరిగి ఉంటుంది. ఆర్‌జీబీ అంకెలు సున్నా బదులు 15, 20 దగ్గర ఆపు.

ఇప్పుడు అంచుల గురించి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి ఆగి చెబుతాను. ఈసారి నెల్లూరు వచ్చినప్పుడు మలై కాజా కొనుక్కో. తిన్నాక డబ్బాని పారేయకుండా కిటికీ దగ్గర పట్టుకుని మడత చూడు. అది డూప్లెక్స్ బోర్డు. పైన తెల్లగా, లోపల బూడిదరంగులో ఉంటుంది. అచ్చయ్యాక డై కొట్టేటప్పుడు, అంటే అట్టని డబ్బా ఆకారానికి కోసేటప్పుడు, క్రీజింగ్ అని మడత గీత నొక్కుతారు, ఆ గీత మీదే మడుస్తారు. మడత దగ్గర అట్ట రెండు వైపులా వంగుతుంది తప్ప కత్తిలా తెగదు. అందుకే అంచు పొడవునా సన్నటి వెలుగు గీత ఒకటి ఉంటుంది, మిల్లీమీటరు కూడా ఉండదు. ముదురు రంగు డబ్బా అయితే అక్కడక్కడా ఇంకు పగిలి తెల్ల చుక్కలు బయటపడతాయి. పెద్ద ముఖాలు కూడా బల్లపరుపుగా ఉండవు, మధ్యలో ఒక వెంట్రుకవాసి ఉబ్బుతాయి. చిన్నప్పటి నుంచీ మనం వందల డబ్బాలు పట్టుకున్నాం కాబట్టి ఈ సంగతులు చెప్పలేకపోయినా కంటికి తెలుసు. అవి లేని డబ్బాని కన్ను నమ్మదు.

అందుకని ముందు భాగం, స్పైన్ కలిసే మూల మీద రెండు మూడు పిక్సెళ్ళ తెల్ల గీత ఒకటి గీసి, ఒక పిక్సెల్ బ్లర్ చేసి, ఒపాసిటీ ముప్ఫై నలభైకి దించు. పైనుంచి కింది దాకా ఒకే తీరుగా ఉంచకు, కిటికీ వెలుగు ఎక్కువున్న చోట వదిలి మిగతా చోట మాస్క్‌తో చెరిపెయ్. డిజైన్‌లో ముందు భాగం రంగుని మూల దగ్గర ఆపెయ్యకుండా స్పైన్ మీదకి రెండు మిల్లీమీటర్లు పాకనివ్వు. నిజం అచ్చులో క్రీజు ఎప్పుడూ గీత మీద సరిగ్గా పడదు. నేను మొదట్లో దీన్ని తప్పనుకుని ప్రెస్సువాళ్ళతో గొడవ పడేదాన్ని. ఇప్పుడు కావాలని పెడుతున్నాను, చూడు.

నీడ విషయానికి వస్తే, ఫోటో పద్ధతిలో నీకది ఉచితంగా వస్తుంది. తెల్ల పేజీ మీద పెట్టడానికి డబ్బాని కత్తిరించి తీశావనుకో, అప్పుడు చేత్తో వెయ్యాలి. నువ్వు చేసింది డ్రాప్ షాడో ఒకటి తగిలించి దాన్నే పెంచుకుంటూ పోవడం. డ్రాప్ షాడో గోడకి తగిలించిన కాగితానికి పనికొస్తుంది, నేల మీద నిలబడ్డ వస్తువుకి కాదు. నిలబడ్డ వస్తువుకి రెండు నీడలుంటాయి. ఒకటి డబ్బా అడుగు నేలని తాకే చోట సన్నగా, బాగా నల్లగా, నాలుగైదు పిక్సెళ్ళ కన్నా మించని బ్లర్‌తో ఉండేది. డబ్బాకి బరువిచ్చేది ఇదే, నీ బొమ్మలో లేనిదీ ఇదే. రెండోది వెలుగుకి ఎదురుదిక్కున నేల మీద పరుచుకునేది. అది డబ్బా దగ్గర గట్టిగా మొదలై దూరం పోయేకొద్దీ పలచబడాలి, అంచులు చెదిరిపోవాలి. దాన్నే రెండు కాపీలు చేసి, ఒకదానికి తక్కువ బ్లర్, ఇంకొకదానికి ఎక్కువ బ్లర్ ఇచ్చి, గ్రేడియంట్ మాస్క్‌తో దగ్గరది దూరంలో చెరిపితే వస్తుంది. నీడ రంగు పూర్తి నలుపు కాకుండా కొంచెం నీలం తిరిగిన బూడిద రంగు తీసుకో. కిటికీ ఎడమనుంటే నీడ కుడికి. ఇది కూడా చెప్పాలా అనుకుంటావు, నీ మూడో బొమ్మలో వెలుగూ నీడా రెండూ ఎడమే ఉన్నాయి మరి.

కవర్ డిజైన్ గురించి రెండు మాటలు. మొదటిది, ఆ ఎర్ర రొయ్య తీసెయ్. మన చెరువుల్లో పెంచే వనామీ రొయ్య బతికున్నప్పుడు గాజులా, బూడిద రంగులో ఉంటుంది, ఉడికాకే ఎర్రబడుతుంది. మేత, కౌంటు, సీడు లెక్కలు రాసుకునే రైతుకి ఉడికించిన రొయ్య చూపిస్తే నవ్విపోతాడు. మేత తిన్నాయో లేదో చూసే మీ చెక్ ట్రే పైకి తీసినప్పుడు నువ్వే ఫోన్‌తో ఒక ఫోటో తీసుకో. నెట్‌లో దొరికిన ఫోటో వాడి హక్కుల తలనొప్పి తెచ్చుకోవడం కన్నా అదే మేలు, పైగా చూడగానే మన చెరువని తెలుస్తుంది.

రెండోది తెలుగు అక్షరాలు. నీ శీర్షికలో "లెక్కలు" అన్నచోట క వత్తు విడిపోయి పక్కన పడింది. పాత ఫోటోషాప్ అయితే టైప్ సెట్టింగుల్లో టెక్స్ట్ ఇంజన్‌ని భారతీయ భాషలకి పనికొచ్చే వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చు, ఆ తర్వాత కొత్తగా టైప్ చెయ్యి. పాత టెక్స్ట్ లేయరు అలాగే ఉండిపోవచ్చు, అప్పుడు పేరాగ్రాఫ్ ప్యానల్లో ఆ లేయరుకి విడిగా మార్చాలి. అను ఫాంట్లతో కోరల్‌లో చేస్తానంటే అభ్యంతరం లేదు, మా షాపుల్లో ఇప్పటికీ సగం పని దాంట్లోనే, కానీ అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని గీతల ఆకారాలుగా, మార్చి తీసుకురా. శీర్షికకి రామభద్ర లాంటి లావుపాటి ఫాంటు, కింది వరసలకి మండలి సరిపోతాయి. రెండూ ఉచితమే. రెండు వరసల శీర్షికైతే పై వరస వత్తులు కింది వరస గుడుల్ని గుద్దుకోకుండా ఖాళీ వదులు. ఇంగ్లిషుకి సరిపోయే ఎడం తెలుగుకి చాలదు. స్పైన్ మీద అక్షరాలు ఒకదాని కింద ఒకటి పేర్చొద్దు, మొత్తం వరసని తొంభై డిగ్రీలు తిప్పు. అయ్యాక బొమ్మని 150 పిక్సెళ్ళ వెడల్పుకి తగ్గించి ఫోన్‌లో చూడు. మీ నాన్నగారు కళ్ళజోడు లేకుండా శీర్షిక చదవగలిగితే సరే, లేకపోతే సగం మాటలు తీసెయ్యి.

సాఫ్ట్‌వేర్ అడిగావు కాబట్టి. యూట్యూబ్‌లో ఫోటోషాప్ 3డి మెనూతో డబ్బా చేసే పాత వీడియోలు చాలా ఉన్నాయి. అడోబీ 2021 నుంచి ఆ 3డి సదుపాయాలని తీసేస్తూ వచ్చింది. కొత్త వెర్షన్‌లో ఆ మెనూ కోసం వెతుక్కుంటూ కూర్చోకు. వానిషింగ్ పాయింట్ ఫిల్టర్ మాత్రం 2005లో సీఎస్2తో వచ్చింది, ఇప్పటికీ పనిచేస్తుంది. ముందు భాగం మీద గ్రిడ్ గీసి, దాన్నుంచి కంట్రోల్ నొక్కి పట్టుకుని స్పైన్ గ్రిడ్ లాగితే రెండూ ఒకే లెక్కలో వస్తాయి. డబ్బు పెట్టలేకపోతే గింప్‌లో పర్‌స్పెక్టివ్ టూల్ ఉంది. డిజైన్ పెడితే చాలు డబ్బా తయారయ్యే రెడీమేడ్ మాకప్ ఫైళ్ళు కూడా వాడొచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చో లేదో లైసెన్సు చదువు. వాటితో నా పేచీ ఒకటే, అదే డబ్బా, అదే నీడ వంద మంది పేజీల్లో కనిపిస్తుంది.

ముందు ముందు పది పదిహేను ఉత్పత్తులు చేస్తానంటే మాత్రం 3డి బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకో. ఉచితం. క్యూబ్‌ని 148, 210, 20 కొలతలకి తెచ్చాక కంట్రోల్ ఎ నొక్కి స్కేల్ అప్లై చెయ్యి, అప్పుడే బెవెల్, అంటే అంచు పదును తీయడం, అన్ని అంచులకీ సమానంగా వస్తుంది. బెవెల్ అర మిల్లీమీటరు నుంచి ఒకటి లోపు చాలు, ఎక్కువిస్తే సబ్బు బిళ్ళవుతుంది. కెమెరా ఫోకల్ లెంత్ మామూలుగా 50 ఉంటుంది, 85కి పెంచి కెమెరాని వెనక్కి జరుపు. వెలుగు కోసం పాలీ హేవెన్‌లో ఉచితంగా దొరికే హెచ్‌డీఆర్ఐ (చుట్టూ ఉన్న వెలుగుని పట్టిన ఫోటో) ఒకటి పెట్టు. ఫిల్మ్‌లో ట్రాన్స్‌పరెంట్, నేలకి నీడని మాత్రమే ఉంచే షాడో క్యాచర్ పెడితే నీడతో సహా కత్తిరించిన బొమ్మ వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళందరూ "నా కవర్ రంగులు వెలిసిపోయాయి" అని ఏడుస్తారు. అది రంగుల్ని తెర మీద ఎలా చూపాలో నిర్ణయించే వ్యూ ట్రాన్స్‌ఫామ్ అనే సెట్టింగు వల్ల. బ్లెండర్ 4.0 నుంచి అక్కడ ఏజీఎక్స్ అని ఉంటుంది, దాన్ని స్టాండర్డ్‌కి మారిస్తే నువ్వు డిజైన్‌లో ఇచ్చిన రంగుకి దగ్గరగా వస్తుంది.

ఇక ఆ ఇటుకరాయి సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక కోచింగ్ సెంటరు వాళ్ళకి ఇలాంటి బొమ్మే చేసిచ్చాను. 30 పేజీల నోట్సు, నాలుగు వీడియోలు. "మందంగా ఉంటే బాగా అమ్ముడవుద్ది" అన్నారు, నేనూ సరదాపడి మూడంగుళాల డబ్బా చేశాను. మెరిసే లామినేషన్, మూల మీద బంగారు సీలు. చాలా బాగా వచ్చింది. అంత బాగా రావడమే కొంప ముంచింది. కొన్నవాళ్ళు కొరియర్ ఎప్పుడొస్తుందని ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. కందుకూరు నుంచి ఒకాయన తిన్నగా సెంటరుకే వచ్చి "నా డబ్బా ఏది?" అని కూర్చున్నాడు. డబ్బులు వెనక్కిచ్చారు, బొమ్మ మార్చమని నన్ను పిలిచారు, రెండోసారి చేసినదానికి నాకు పైసా ఇవ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమే అనుకో.

అప్పటి నుంచి నేను రెండు పనులు చేస్తున్నాను. మందం 20 మిల్లీమీటర్లు దాటనివ్వను, 48 పేజీలకి ఇంకా తగ్గించినా తప్పులేదు. పాత డీవీడీ డబ్బా 14 మిల్లీమీటర్లే ఉండేది, అది చాలు. రెండు, బొమ్మకి ఆనుకునే, కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో కాకుండా, "ఇది డౌన్‌లోడ్ చేసుకునేది, డబ్బా ఇంటికి రాదు" అని రాయిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనల గురించి గట్టిగానే మాట్లాడుతుంది. చట్టం సంగతి అలా ఉంచినా, నీ దగ్గర కొనేవాడు పక్క చెరువు రైతు, రేపు టీ కొట్టు దగ్గర ఎదురుపడతాడు. కావాలంటే డబ్బా పక్కనే ఫోన్ ఒకటి పెట్టి, దాని తెర మీద నీ ఎక్సెల్ షీటు కనిపించేలా చెయ్యి. లోపల ఏముందో ఒక్క చూపులో తెలుస్తుంది, పైగా ఫోన్ పక్కన ఉంటే డబ్బా సైజు కూడా నమ్మేలా ఉంటుంది. ఫోన్ నీడ కూడా అదే వైపు పడాలి, మర్చిపోకు.

అమెజాన్ కిండిల్‌లో ఎప్పుడైనా పుస్తకం పెడతానంటే అక్కడ ఈ డబ్బా బొమ్మ వాడకు. వాళ్ళకి ముందు అట్ట మాత్రమే, బల్లపరుపుగా, 1600 బై 2560 పిక్సెళ్ళలో కావాలి. నీ పేజీకి మాత్రం పొడవు వైపు 1200 పిక్సెళ్ళు చాలు. 300 డీపీఐ అని పట్టుకోకు, తెర మీద డీపీఐతో పనిలేదు, పిక్సెళ్ళే లెక్క. రంగులు తెరకి పనికొచ్చే ఎస్ఆర్‌జీబీలో ఉంచు, అచ్చుకి వాడే సీఎంవైకేలో సేవ్ చేస్తే కొన్ని ఫోన్లలో రంగులు విచిత్రంగా కనిపిస్తాయి. పేజీ తెల్లగా ఉంటే తెల్ల నేపథ్యంతో జేపెగ్, రంగు నేపథ్యమైతే వెనక ఖాళీగా ఉంచిన పీఎన్‌జీ. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపు, లేకపోతే మెత్తటి నీడ మెట్లు మెట్లుగా విరుగుతుంది.

ముందు ఆ ఖాళీ తెల్ల డబ్బా ఫోటో ఒకటి తీసి ఇక్కడ పెట్టు, డిజైన్ అతికించకముందే. వెలుగు సరిగ్గా పడిందో లేదో చూసి చెబుతాను. చార్టు మీద వేలిముద్రలు పడకుండా తీయి, రొయ్యల మేత చేతులతో పట్టుకుంటే ఆ మరకలు తుడవడానికే నీకు అరపూట పడుతుంది.